ఆయన మాట్లాడిన చోటల్లా ఎర్ర చుక్క

భీమవరంలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. బెంగళూరులోని ఒక చిన్న కంపెనీకి యాప్‌లు డిజైన్ చేస్తాను. ఏ బటన్ ఎక్కడుండాలో, ఏది నొక్కితే ఏం రావాలో గీసి ఇవ్వడం వరకే నా పని. దాన్ని నడిచేలా చేసేవాళ్ళు వేరే ఉంటారు.

రెండేళ్ళ క్రితం మాకొక కొత్త పని వచ్చింది. సరుకులమ్మే కంపెనీలు ఇప్పుడు వీడియోలు చేసేవాళ్ళ చేత ప్రచారం చేయించుకుంటున్నాయి కదా, ఆ ఇద్దరి మధ్య పని సాఫీగా నడవడానికి ఒక యాప్. తనకేం కావాలో కంపెనీ అందులో రాస్తుంది. వీడియో చేసేవాళ్ళు చిత్తు వీడియో పెడతారు. కంపెనీ మార్పులు చెబుతుంది, అవి చేశాక ఆమోదిస్తుంది. వాట్సాప్ మెసేజీల్లో తప్పిపోయే వ్యవహారమంతా ఒక్కచోటికి వస్తుంది.

అందులో నేను సొంతంగా ఆలోచించి పెట్టినది ఒకటుంది. వీడియో ఆడుతుండగా ఎక్కడ నచ్చలేదో అక్కడ కంపెనీవాళ్ళు వేలితో నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది. దాని పక్కన ఏం మార్చాలో రాయొచ్చు. జవాబు చెప్పడానికి వీడియో చేసేవాళ్ళకి రెండు బటన్లు పెట్టాను. ఒకటి ‘మారుస్తాను’. రెండోది ‘ఇది మార్చలేను’.

ఆ రెండోది మా మేనేజరుకి నచ్చలేదు.

“కాదనే దారి మనమే చూపిస్తే కంపెనీలు మన దగ్గరికెందుకొస్తాయండీ? మొదటి వెర్షన్లో వద్దు, తర్వాత చూద్దాం,” అన్నారు వీడియో కాల్‌లో. ఆయన మంచివారే. గొంతు పెంచి మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. నేను రెండుసార్లు వాదించాను. ఆ తర్వాత ఆ బటన్‌ని నా చేత్తో నేనే తీసేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

యాప్ విడుదలయ్యే ముందు వీడియోలు చేసేవాళ్ళెవరి చేతైనా నిజంగా వాడించి చూడాలి. అప్పుడు మా టీచరు గారు గుర్తొచ్చారు. ఆరో తరగతిలో నాకు తెలుగు చెప్పారావిడ. రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ కలిసి వంటల వీడియోలు చేస్తున్నారు. ఆవిడ వండుతుంటే, అందరం బాబాయి గారని పిలిచే ఆవిడ భర్త ఫోన్ పట్టుకుని తీస్తారు. ఆయన కనబడరు, మాట మాత్రం వినబడుతుంది. ఐసు ఫ్యాక్టరీలో మిషన్ల హోరు మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి, మామూలుగా మాట్లాడినా కేకేసినట్టే ఉంటుంది.

“మంట తగ్గించవే, అడుగంటుతోంది!”

“నాకు తెలీదేంటండీ? మీరు ఫోన్ సరిగ్గా పట్టుకోండి ముందు.”

చూసేవాళ్ళలో సగం మంది ఈ కీచులాట కోసమే వచ్చేవారు. కింద కామెంట్లలో ఆవిడ కూరల గురించి ఎంత రాసేవారో ఆయన గురించీ అంతే రాసేవారు.

మా యాప్‌ని ప్రయత్నించి చూస్తామన్న ఒక మసాలా కంపెనీకి టీచరు గారి వీడియోలు చూపించాను. వెంటనే ఒప్పుకున్నారు. వాళ్ళ పొడి వేసి రొయ్యల ఇగురు చేయాలి. బాబాయి గారి సంతోషం చూడాలి! ఆ ఆదివారం చర్చి అయ్యాక పాస్టరు గారి దగ్గర్నుంచి చెప్పుల దగ్గర నిలబడినవాళ్ళ వరకూ అందరికీ చెప్పేశారట.

చిత్తు వీడియో పెట్టిన మూడో రోజు టీచరు గారు ఫోన్ చేశారు.

“అమ్మా, ఒకసారి ఇంటికొస్తావా? ఏదో ఎర్రగా వచ్చింది ఇందులో.”

వెళ్ళాను. వరండాలో ఇద్దరూ ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. వీడియో కింద గీత మీద ఏడు ఎర్ర చుక్కలు. మొదటిది నొక్కితే, ‘వెనక నుంచి వచ్చే గొంతు తీసేయగలరు’ అని ఉంది. రెండోదీ అదే. మూడోదీ అదే. ఏడూ ఆయన మాట్లాడిన చోట్లే. ఒక్కటి కూడా గురి తప్పలేదు. నేను చేసిన పని అంత చక్కగా పనిచేస్తోంది.

బాబాయి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

“కాదనాలంటే ఎక్కడ నొక్కాలమ్మా?” అని అడిగారు టీచరు గారు.

“లేదండీ.”

“లేకపోవడమేంటి? ‘మారుస్తాను’ అని ఉందిగా. ఇంకోటి కూడా ఉండాలిగా?”

“మొదట పెట్టానండీ. తీసేయమన్నారు.”

“నువ్వే చేశావు కదమ్మా ఇదంతా,” అన్నారావిడ. నిష్ఠూరంగా కాదు, ఆశగానే. “నువ్వు చెబితే వింటారేమో.”

ఆవిడ దృష్టిలో ఆ యాప్ మొత్తం నాదే. కనుక్కుంటానని చెప్పి వచ్చేశాను.

మేనేజరుకి రాశాను. ‘మీ బాధ అర్థమైంది. వచ్చే వెర్షన్లో తప్పకుండా చూద్దాం’ అని జవాబొచ్చింది. ఇక మసాలా కంపెనీ తరఫున చుక్కలు పెట్టినతనికే ఫోన్ చేశాను. నేనలా చేయకూడదు, కానీ చేశాను. హైదరాబాదులో ఉంటాడు. చిన్నవాడే.

“మేడమ్, నిజం చెప్పమంటారా? ఆ పెద్దాయన మాటలకి మా ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం,” అన్నాడు.

“మరి ఎందుకండీ తీసేయమన్నారు?”

“మాకొక చెక్‌లిస్టు ఉంటుంది మేడమ్. వీడియోలో ఒక్క మనిషి గొంతే ఉండాలని ఉంది. అది రాసిందెవరో నాకూ తెలీదు. టిక్ పెట్టకపోతే పైకి వెళ్ళదు. నేనేం చెయ్యనండీ?”

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అతను నాకంటే చిన్న ఉద్యోగి. మా మేనేజరుకి పైన ఇంకెవరో ఉన్నారు.

మర్నాడు వెళ్ళి ఆ చెక్‌లిస్టు సంగతి చెప్పి, “మానేయండి టీచరు గారూ. పోతే పోయింది,” అన్నాను.

“మాటిచ్చాక ఎలా మానేస్తామమ్మా? ఈయన ఊరంతా చెప్పుకున్నారు కూడాను.”

బాబాయి గారే తెగ్గొట్టారు. “ఇందులో ఏముందే? అమ్మాయి ఫోన్ పట్టుకుంటుంది. నేను వాకిట్లో కూచుంటాను. అయిపోయె.”

అలా ఆయన జాగాలోకి నన్ను ఆయనే పంపించారు.

శనివారం పొద్దున్న మళ్ళీ వంట మొదలుపెట్టాం. బాబాయి గారు వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు. రొయ్యలు వేసి, పొడి చల్లి, టీచరు గారు చెంబు అందుకున్నారు. కిటికీలోంచి కేక వినబడింది.

“నీళ్ళు పొయ్యకే! రొయ్యల్లో నీరుంటుంది!”

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. మామూలుగా అయితే ఏదో ఒకటి అనేవారు. నా వైపు చూశారు. చెప్పాల్సింది నేనే.

“మళ్ళీ తీద్దామండీ,” అన్నాను.

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. “తప్పైపోయిందమ్మా. అలవాటు,” అన్నారు. చెప్పులేసుకుని, “సెంటర్ దాకా వెళ్ళొస్తా, నేనుంటే మీకు తెమలదు,” అని బండి తీశారు. మిగిలిన రొయ్యలతో మళ్ళీ మొదటి నుంచి చేశాం. టీచరు గారు ఒక్క మాట తడబడకుండా, క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పారు. అంతా అయ్యాక స్టవ్ ఆపి, కొంగుతో మొహం తుడుచుకుని, “బాగానే వచ్చిందా అమ్మా?” అని అడిగారు. బాగా వచ్చిందని చెప్పాను.

సోమవారం ఉదయం ఆ వీడియో ఆమోదం వరసలోకి వెళ్ళి పచ్చగా మారింది. మా మేనేజరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. వీడియో బయటికొచ్చాక కింద చాలామంది ‘బాబాయి గారేరీ?’ అని అడిగారు. టీచరు గారు ఓపిగ్గా ఒక్కొక్కరికీ ‘క్షేమంగా ఉన్నారండీ’ అని జవాబు రాశారు.

‘ఇది మార్చలేను’ బటన్ ఆ తర్వాతి వెర్షన్లో నిజంగానే వచ్చింది. మేనేజరు మాట నిలబెట్టుకున్నారు. కాకపోతే దాన్ని నొక్కినవాళ్ళకి మళ్ళీ పని రావడం లేదని తర్వాత తెలిసింది. దానికీ నా దగ్గర మందు లేదు.

టీచరు గారు తర్వాత ఏ కంపెనీకీ చేయలేదు. తమ వీడియోలు తాము చేసుకుంటున్నారు. ఆ మధ్య ఒకరోజు నేను వెళ్ళేసరికి చింతచిగురు, ఎండురొయ్యలు వండుతున్నారు. బాబాయి గారు ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. నన్ను చూసి కళ్ళతోనే కూర్చోమన్నారు.

“మాట్లాడమంటే మాట్లాడడం లేదమ్మా ఈయన. నువ్వైనా చెప్పు,” అన్నారు టీచరు గారు.

“మాట్లాడండి బాబాయి గారూ. అందరూ అడుగుతున్నారు.”

ఆయన నవ్వి తల అడ్డంగా ఊపారు. తీయడం ఆపి, “వద్దమ్మా. ఇలా అయితేనే నీటుగా వస్తోంది,” అన్నారు మెల్లగా. ఆయన అంత మెల్లగా మాట్లాడగలరని నాకు అంతవరకూ తెలియదు.

మళ్ళీ ఫోన్ ఎత్తి పట్టుకున్నారు. ఆయన ఏదైనా అంటారేమోనని టీచరు గారు అటు చూసి, గరిటె తీసుకుని కలపడం మొదలుపెట్టారు. గదిలో నూనె చిటపట ఒక్కటే వినిపిస్తోంది.