ఆయన తుడిచిన కిటికీ

మా విహార ఓడ కొచ్చిలో ఆగిన రోజు చూసిన చోట్లేవీ నా డైరీలో లేవు. ఆయన తువ్వాల ఒక్కటే ఉంది.

పొద్దటి నుంచి వానే. ఊరు చూపించే బస్సులో నా ముందు సీట్లో ఆయన, ఆయన భార్య కూర్చున్నారు. ఆయనది సిరిసిల్ల, నాది జగిత్యాల కావడంతో మాట కలిసింది. ఒకప్పుడు సాంచాల మీద బట్ట నేసిన మనిషి. భార్యకు మతిమరుపు ముదురుతోందని, అన్నీ మరిచిపోకముందే సముద్రం చూపించాలని ఈ ఓడ ఎక్కించానని చెప్పాడు.

వానకు బస్సు దిగే వీల్లేకపోయింది. కిటికీకి మాటిమాటికీ ఆవిరి పట్టేది. ఆయన భుజం మీది తువ్వాలతో తుడిచేవాడు.

“ఇగో, గటు చూడు, సముద్రం.”

“ఏది? అంత తెల్లగనే ఉన్నది.”

“జర ఆగు, తుడుస్తున్న.”

నేను వెనక నుంచి అన్నాను: “అన్నా, లోపల తుడిస్తే ఏం లాభం? వాన బయట పడుతున్నది.”

“ఏం జేద్దాం సార్, నా చెయ్యి అందేది గింతవరకే” అని నవ్వాడు.

సాయంత్రం ఓడకు తిరిగి పోతుండగా వాన కాసేపు ఆగింది. ఒడ్డున చేపలు పట్టే పెద్ద చీనా వలలు, వాటి వెనక సముద్రం ఒక్కసారిగా కనబడ్డాయి. ఆమె అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసింది. ఆయన ఆమె ముఖాన్నే చూస్తున్నాడు.

ఆమె ఆయన వైపు తిరిగి, కొత్తవాళ్లతో మాట్లాడినట్టు మర్యాదగా అడిగింది: “మా ఆయన సముద్రం ఎన్నడు చూడలే. ఆయనకు గూడ చూపియ్యరాదుండ్రి.”

“తప్పకుండ చూపిస్తనమ్మా” అన్నాడు.

అప్పటికి అద్దం తేటగానే ఉంది. అయినా తువ్వాల తీసి మళ్లీ తుడిచాడు.