తోడును అమ్ముకున్న నాడు

నా చిన్నప్పుడు నేను కుదుర్చుకున్నంత గట్టి బేరం మా బజార్లో పెద్ద పెద్ద సేట్లు కూడా కుదుర్చుకోలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. పదేళ్ల వయసులో, రెండు ఎర్ర రిబ్బన్లూ ఒక చేతి గాజులూ ఇచ్చి, నాకు తోడుగా పంపిన మనిషిని వదిలించుకున్నాను. వదిలించుకోవడమే కాదు, నేను ఎటు పోయానో ఎవరడిగినా చెప్పనని ఒట్టు కూడా వేయించుకున్నాను. అంత పక్కాగా బేరం చేసి కష్టాన్ని కొనుక్కున్న మనిషి ఇచ్చోడలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇచ్చోడలో రోడ్డు పక్కనే మా కిరాణా దుకాణం. దాన్ని ఆనుకుని పెద్దబాపు బట్టల దుకాణం, ఎదురుగా మేనమామ ఇనుప సామాను. మా ఇళ్లల్లో పిల్లలకు నడక కన్నా ముందు బేరం వచ్చేది. కన్నతల్లి, మా అవ్వ, అన్నం తినమన్నా ఎన్ని ముద్దలో తేల్చుకోనిదే నోరు తెరిచేవాళ్లం కాదు. బాపు, అంటే మా నాయన, తూకంలో ఎన్నడూ ఎవరినీ మోసం చేయలేదు గాని, మెచ్చుకోలు దగ్గర మాత్రం పరమ పిసినారి. నేను లెక్కల్లో మొదట వచ్చినా "ఊఁ" అని ఊరుకునేవాడు. ఆ "ఊఁ" కోసమే ఇంట్లో నలుగురం పోటీ పడేవాళ్లం.

అటువంటి బాపు, ఒక్క మనిషిని మాత్రం నోరారా మెచ్చుకునేవాడు. ఆమె మా పక్కింటి అక్క.

వాళ్లు చర్చికి పోయే కుటుంబం. అక్కకు అప్పటికి ఇరవై ఏళ్లుంటాయి. మిషన్ బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేది. ఆదివారం ప్రార్థన అయిపోయాక, సెలవు రోజుల్లోనూ, ఒక్కతే గుట్ట ఎక్కి అవతలి దిక్కున నీళ్లు దుంకే చోటికి పోయి, పొద్దు వాలకముందే తిరిగొచ్చేది. చేతిలో ఒక గొడుగు, భుజానికి గుడ్డ సంచి, అంతే. బతుకమ్మ పండుగ దినాల్లో ఆ సంచి నిండా పొడుగాటి గునుగు, నీలం రంగు కట్లపూలు తెచ్చి మా బజారు ఆడవాళ్లకు పంచేది. తాను బతుకమ్మ ఆడకపోయినా, మా బజారు బతుకమ్మ అందరికన్నా ఎత్తుగా లేచేది ఆమె పూలతోనే.

ఆమె దుకాణం ముందు నుంచి పోతుంటే బాపు తక్కెడ ఆపి మరీ చూసేవాడు. "ఆడివిల్లంటే గట్లుండాలె. ఒక్కతే గుట్టెక్కి దిగుతది. మనింట్ల ఉన్నరు, పెరట్లకు పోవాల్నన్నా ఇద్దరు గావాలె" అని ఇటు తిరిగి నా దిక్కు చూసేవాడు. ఎండుమిరపకాయల బస్తా మీద కూర్చున్నదాన్ని, ఆ మంట బస్తాదో నాదో తెలిసేది కాదు.

నాకు ఆమె గొడుగు మీద కుళ్లు. చీర కుచ్చిళ్లకు అంటుకొచ్చే గడ్డి గింజల మీద కుళ్లు. "యాడికి పోయినవే?" అని ఎవరన్నా అడిగితే, "గుట్ట దిక్కు" అని ఆగకుండా నడిచిపోయే ఆ తీరు మీద మరీ కుళ్లు. నేను ఎక్కడికి పోయినా నలుగురికి సంజాయిషీ చెప్పుకోవాలి. ఆమెకు రెండు మాటలు చాలు.

సద్దుల బతుకమ్మ ముందటి రోజు ఊరి చివర తంగేడు పూలు కోసుకు రమ్మని అవ్వ నన్ను పంపింది. తోడుగా మా పెద్దబాపు బిడ్డను ఇచ్చింది. అది నాకన్నా ఒక్క ఏడు పెద్దది, కానీ ముసలమ్మంత జాగ్రత్త. తంగేడు పొదల దగ్గరికి చేరగానే నేను అసలు విషయం బయటపెట్టాను. నేను ఒక్కదాన్నే గుట్టెక్కి, అక్క కన్నా ఎక్కువ కట్లపూలు తెస్తాను, అది ఇక్కడే కూర్చోవాలి.

"నాకేమొస్తది?" అంది అది. మా ఇంటి పిల్ల కదా, "భయం కాదా?" అని అడగలేదు.

"నా ఎర్ర రిబ్బన్లు తీస్కో."

"పాత రిబ్బన్లకు గింత పెద్ద అబద్ధమా! గాజులు గూడ ఇయ్యి."

"ఒక్క చెయ్యియి ఇస్త. కని ఎవలడిగినా చెప్పద్దు. మా అవ్వ అడిగినా సరే, కొట్టినా సరే."

అది గాజులు తొడుక్కుని చేయి తిప్పి చూసుకుని, దేవుని మీద ఒట్టేసింది. ఒక చేతి గాజులు మిగుల్చుకున్నానని నేను మురిసిపోతూ నడిచాను.

గుట్ట మొదట్లో గోండుల గుడిసె ఒకటి ఉండేది. దాని తర్వాత ఇళ్లు లేవు. వాకిట్లో ఒక ముసలమ్మ మక్క కంకులు ఒలుస్తూ, "యాడికి బిడ్డా?" అని కేకేసింది. చెబితే ఊళ్లోకి కబురు పోతుందని వినబడనట్టే పైకెక్కాను.

మొదటి అరగంట గురించి ఎంత చెప్పినా తక్కువే. ముందు నడువు అనేవాళ్లు లేరు, వెనకబడ్డావు అనేవాళ్లు లేరు. సీతాఫలం చెట్టు కనిపిస్తే ఆగాను, పండిన కాయ మొత్తం నేనే తిన్నాను, ఎవరికీ సగం పెట్టలేదు. టేకు ఆకుల మీద నా అడుగుల చప్పుడు నాకే వినబడుతోంది. మా ఇంట్లో ఎప్పుడూ నా చప్పుడు నాకు వినబడింది లేదు. ఒక మలుపులో చెట్ల సందు నుంచి రోడ్డు మీద లారీలు చీమల్లా కనిపించాయి. మా దుకాణం ఎక్కడుందో కూడా ఆనవాలు దొరకలేదు. అక్క ప్రతి వారం ఇదంతా ఒక్కతే అనుభవిస్తోందా అని సంతోషం మధ్యలో కూడా మళ్లీ మండింది.

తర్వాత దారి రెండుగా చీలింది. ఇద్దరుంటే కొట్లాడుకుని అయినా ఒక దారి తేల్చుకుంటారు. నేను అడగాల్సింది నన్నే, జవాబు చెప్పాల్సిందీ నేనే, ఆ ఇద్దరికీ దారి తెలియదు. ఎడమకు పోయాను. దారి సన్నబడి, సన్నబడి ఒక వాగులో దిగింది. నాచు పట్టిన బండ మీద కాలు పెట్టడం గుర్తుంది. లేచి చూసుకునేసరికి చీలమండ గుమ్మడికాయలా ఉబ్బుతోంది.

అరిచాను. మా బజార్లో అరిస్తే పది మంది వస్తారు, అందులో ఎనిమిది మంది తమాషా చూడటానికే. ఆ ఎనిమిది మంది విలువ ఆ రోజు తెలిసింది. ఎవరూ రాలేదు. చాలాసేపటికి ఏడుపు ఆగాక బుద్ధి పని చేయడం మొదలుపెట్టింది. అవ్వ వెతుకుతుంది. మా పెద్దబాపు బిడ్డను అడుగుతుంది. అది చెప్పదు. మా ఇళ్లల్లో అబద్ధమన్నా ఆడతారేమో గాని, కుదిరిన బేరం తప్పరు. కొట్టినా చెప్పొద్దన్న షరతు నేనే కదా పెట్టింది! అంత గట్టి షరతు పెట్టినందుకు నన్ను నేను తిట్టుకున్నంత ఇంకెవరూ తిట్టి ఉండరు.

ఎండ పక్కకు వాలుతుండగా పైన గొడుగు కనిపించింది. అక్క. భుజాన పూల సంచి నిండుగా ఉంది. దిగి వచ్చి, కాలు చూసి, "నడుస్తవా, ఎత్తుకోవాల్నా?" అంది.

"నడుస్త" అన్నాను. రెండడుగులు వేసి కూలబడ్డాను. ఆమె నవ్వలేదు. సంచి ఒక చెట్టు కొమ్మకు తగిలించి, నన్ను వీపు మీదికి ఎత్తుకుంది. నన్నూ సంచినీ రెంటినీ మోయలేదు. పండుగ పూలు అక్కడే ఉండిపోయాయి.

నేనున్న చోటు ఎట్లా తెలిసిందని అడిగాను. పూలు కోసుకుని దిగివచ్చేసరికి గుడిసె ముసలమ్మ చెప్పిందట, రెండు జడల పిల్ల ఒక్కతే పోయింది, పిలిస్తే పలకలేదు, చూడుమని. తాను దిగివచ్చిన దారిలో నేను కనబడలేదు కనుక, మళ్లీ ఎక్కి రెండో దారి పట్టిందట. తాను గుట్టెక్కే ప్రతిసారీ ఆ ముసలమ్మ దగ్గర ఆగి, ఏ దారిన పోతున్నదీ, నీడ ఎక్కడికి వచ్చేసరికి దిగుతుందీ చెప్పి పోతుందట. ఆ వేళకు రాకపోతే ముసలమ్మ కొడుకు వెతకడానికి వస్తాడు. నీళ్లు దుంకే చోటు ఇంకా నాలుగడుగులే ఉన్నా సరే, వేళ అయిందంటే వెనక్కి తిరిగేదట.

వీపు మీద ఉన్నదాన్ని ఉన్నట్టే, కల్తీ సరుకు పట్టుకున్న సేటులా సంబరపడ్డాను. "అంటే నువ్వు ఒక్కదానివే పోతలేవన్నట్టు!"

"ఒక్కదాన్నే పోత. చెప్పి పోత" అంది అక్క ఆయాసపడుతూ. "ఒక్కదానివి పోతే కండ్లు మంచిగ తెరుసుకుంటయే. నాకు గదే ఇష్టం. కని కాలు జారితే పట్టేటోళ్లుండరు. గందుకే చెప్పి పోవాలె. జర మెడ గట్టిగ పట్టుకో, మాట్లాడకు."

ఊరి చివరికి వచ్చేసరికి సగం బజారు అక్కడే ఉంది. అవ్వ ఏడుస్తోంది. మా పెద్దబాపు బిడ్డ చెంపలు రెండూ ఎర్రగా ఉన్నాయి, పెదవులు బిగించుకునే ఉంది. బాపు నా దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా అడిగాడు. "ఎవలు తోల్కపోయిన్రు నిన్ను?"

నేనే పోయానని చెప్పొచ్చు. చెబితే దెబ్బలు. కానీ దెబ్బల కన్నా ఎక్కువగా నన్ను నొక్కింది ఇంకొకటి. ఇంత జరిగాక అక్క ఇంకా గొప్పదవుతుంది, నన్ను మోసుకొచ్చిన మహాతల్లి అవుతుంది, బాపు తక్కెడ ఆపి ఇంకో పదేళ్లు ఆమె ముచ్చటే చెబుతాడు.

"అక్కనే రమ్మన్నది" అన్నాను.

అక్క మెడ తిప్పి నన్ను చూసింది. ఆమె వీపు మీదే ఉన్నాను, ముఖం అంత దగ్గరగా ఉంది. చెమట కనురెప్పల మీదుగా కారుతోంది. అబద్ధం అంటుందేమోనని ఎదురుచూశాను. ఆమె నన్ను మెల్లగా కిందికి దింపి, "అవును కాకా, నాదే తప్పు" అంది.

ఆ సాయంత్రం బాపు వాళ్లింటికి పోయాడు. "మీ పిల్ల తిరిగితే తిరగనియ్యి, మా పిల్లలను గూడ పాడు చేస్తే ఎట్లన్నా?" అని వాళ్ల నాయనను అడగడం గోడ ఇవతల నాకు వినబడింది. మర్నాడు మా బజారు బతుకమ్మ పొట్టిగా లేచింది. ఆ వచ్చిన ఆదివారం అక్క గుట్టకు పోలేదు. దాని తర్వాతి ఆదివారమూ పోలేదు. గొడుగు వాళ్ల అరుగు మీద గోడకు ఆనించి ఉండేది.

కాలు కొంచెం నయమయ్యాక, ఎవరూ లేనప్పుడు అరుగు దగ్గరికి పోయి, ఎందుకట్లా ఒప్పుకున్నావని అడిగాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆమె బడిపిల్లల పలకలు తుడుస్తోంది. "నువ్వు ఒక్కదానివే పోయినవంటే మీ బాపు నిన్ను ఇగ గడప దాటనియ్యడు. నీకింకా చూసేటివి శాన ఉన్నయి. నేను పెద్దదాన్ని, నన్నెన్నొద్దులు ఆపుతరు?" అంది. నిజం చెబుతున్నాను, ఆ మంచితనం మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. అది నాకెందుకు రాలేదని.

ఎన్నాళ్లన్న దానికి జవాబు రెండేళ్లు. తర్వాత ఆమె పెళ్లయి మంథని దిక్కు పోయింది.

ఈమధ్య మా మనవరాలు, కరీంనగర్‌లో ఉద్యోగం చేస్తోంది, వీపుకు సంచి తగిలించుకుని ఒక్కతే అడవులూ గుట్టలూ తిరుగుతానంది. ఇంట్లో వాళ్లంతా వద్దని, ముసలిదాన్ని కదా నేనూ వద్దంటానని నా దగ్గరికి పట్టుకొచ్చారు. దాని మోకాళ్ల మీద, దాని బూట్ల మీద నాకు కుళ్లుగానే ఉంది. అయినా పొమ్మన్నాను. ఒక్కదానివే పోతే నీ చప్పుడు నీకు వినబడుతుంది, అది ఇంకెక్కడా దొరకదు. కానీ ఫోనుకు అందని చోట కాలు బెణికితే నీ గొంతు నీకే తిరిగొస్తుంది. కాబట్టి ఆఖరి ఇంట్లో ఆగు, ఏ దారో చెప్పు, ఏ వేళో చెప్పు, ఆ వేళ దాటకు అన్నాను. "ఎవలు నేర్పిన్రు నానమ్మా?" అని అడిగింది. పక్కింటి అక్క అన్నాను. మిగతాది దానికి చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

లెక్క దాచకుండా చెప్పాలంటే ఇంతే. నాకు దక్కింది గుట్ట మీద అరగంట సంతోషం, జీవితమంతా పనికొచ్చే ఒక జాగ్రత్త. కాలు పదిహేను రోజుల్లో బాగైంది. బాపు అక్కను మెచ్చుకోవడం ఆగిపోయింది, నేను కోరుకున్నది అదే కనుక అదీ దక్కిందనే రాసుకోవాలి. మా పెద్దబాపు బిడ్డకు తగిలినవి రెండు చెంపదెబ్బలు. అక్కకు పోయినవి రెండేళ్ల ఆదివారాలు. పెళ్లికి ముందు ఆమెకంటూ ఉన్నవి అవే. నేను ఒక్క మాట చెబితే అవి ఆమెకు తిరిగొచ్చేవి. ఆ మాట చెప్పడానికి రెండేళ్లూ బాపు రోజూ నా ఎదురుగానే, దుకాణంలో కూర్చుని ఉన్నాడు. దెబ్బలకు భయపడి చెప్పలేదని చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది కాదు. చెబితే ఆమె మళ్లీ గుట్టెక్కుతుంది, బాపు మళ్లీ మెచ్చుకుంటాడు. అందుకే చెప్పలేదు.