ఖాళీ బండికి పెట్టిన లైటు

బంగారుపాళ్యంలో ఆదిమూలం అన్న పనికి వంక పెట్టినవాడు లేడు. ఇరవై నాలుగేళ్లుగా బండ్ల కరెంటు పనులు చేస్తున్నాడు. ఆయన షెడ్డు వెనక గోడ మీద నడుము ఎత్తున ఎర్ర రంగు గీత ఒకటి ఉంటుంది. హెడ్‌లైట్లు మార్చాక బండిని ఆ గోడ ముందు నిలబెట్టి, వెలుగు గీత దాటకుండా స్క్రూ తిప్పుతాడు. తిప్పి, చేతులు తుడుచుకుని, "ఇంక ఏనుగు మీసం గూడా కనబడతాది, పో" అంటాడు. ఏనుగుకు మీసముంటుందా అని అడిగే ధైర్యం నాకెప్పుడూ లేదు.

ఆయన నోటి దురుసు వల్లే వంశీ బతుకు పాడైంది. వంశీ ఆయనకు సొంత అక్క కొడుకు, నాలాగే పికప్ డ్రైవరు. పోయిన మామిడి సీజనులో తోతాపురి కాయల లోడుతో వస్తూ అడవిపందిని గుద్దాడు. బండి బోల్తా పడి కాలు విరిగింది. "కనపళ్ళేదు మామా" అని ఆసుపత్రి మంచం మీద మొత్తుకున్నాడు. ఆదిమూలం అన్న వినలేదు. "నేను పెట్టిన లైటుకు పంది కనపడకుండా పోతాదా? నిద్రబోయినావు, ఒప్పుకోరా" అని నలుగురి ముందూ కడిగేశాడు. లైటు పెట్టినాయనే ఆ మాట అన్నాక ఇంకెవరు నమ్ముతారు? ఏ ఓనరూ వాడికి మళ్ళీ బండి తాళం ఇవ్వలేదు. ఏడాదిగా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర కుంటుకుంటూ కాయలు దించుతున్నాడు. నేనూ వాడు నిద్రపోయాడనే అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

ఈ జూన్‌లో ఏనుగులు మా తోటల వైపు దిగాయి. నా పికప్‌కు పాత లైట్లు తీయించి కొత్త తెల్ల లైట్లు వేయించాను. వాటిని చీకట్లో చూడాలని ఆదిమూలం అన్నకు ఆశ పుట్టింది. ఆరు కొట్టగానే షట్టర్ దించి ఇంటికి పోయే మనిషి ఆయన. ఇన్నేళ్లలో రాత్రిపూట లోడు బండి ఎక్కిందే లేదట! వినగానే నాకు నవ్వొచ్చింది.

అడవి అంచు తోటలో రెండు టన్నుల కాయలు ఎక్కించుకుని ఇద్దరం ఫ్యాక్టరీకి బయల్దేరేసరికి తొమ్మిదయింది.

"మెల్లిగా పో శేఖరా, నా లైటును కండ్లారా సూసుకోనీ" అన్నాడు.

మనసులో తిట్టుకుంటూనే ఇరవైలో పోనిచ్చాను. దారి పక్క చింతచెట్లలో ఆకు ఆకూ కనబడుతోంది. చిటారు కొమ్మన నిద్రపోతున్న కొంగ కూడా కనబడింది. "పట్టపగలు మాదిరి ఉండాది కదప్పా" అని ఆయన మురిసిపోయాడు. నేనూ తలూపాను. ఇద్దరు తెలివిగలవాళ్ళం, పైకి చూసుకుంటూ పోతున్నాం.

మలుపు తిరగగానే బానెట్ ముందరి చీకట్లో ఏదో కదిలింది. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. గున్న ఏనుగు! బంపరుకు మూరెడు దూరం కూడా లేదు. చెవులు ఆడిస్తూ మమ్మల్నే చూస్తోంది. అంతలో తోటలోంచి తల్లి వచ్చింది. తల, చెవులు, ఎత్తిన తొండం తెల్లగా వెలిగిపోతున్నాయి. కాళ్ళు మాత్రం కనబడలేదు. సగం ఏనుగు గాల్లో తేలి వస్తున్నట్టుంది. అంత భయం నేను పుట్టి ఎరగను.

"లైటార్పు" అని ఆదిమూలం అన్న గొంతులోనే అన్నాడు. లైటూ ఇంజనూ రెండూ ఆపేశాను. కదలకుండా కూర్చున్నాం. వెనక కాయల మీద కప్పిన పట్ట చిరిగిన చప్పుడైంది, ఆ తర్వాత కాయలు నమిలే చప్పుడు. ఎంతసేపో తెలియదు. చివరికి ఆ రెండూ రోడ్డు దాటి అవతలి తోటలోకి పోయాయి.

అన్న కిందికి దిగాడు. లైటు వేయమన్నాడు. వేశాను. వెలుగు నేరుగా చెట్ల మీద పడింది. వెనక్కి పోయి బండి ఎంత అణిగిందో చూశాడు, ముందుకొచ్చి ఎంత లేచిందో చూశాడు. అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు.

"ఖాళీ బండికి పెట్టినానబ్బా. ఇన్నేండ్లూ ఖాళీ బండికే పెట్టినాను. లోడు పడితే ఎనక కూర్చుంటాది, ముందర లేస్తాది, లైటు సెట్టెక్కుతాది. దగ్గర్లో ఏముండాదో యాడ కనపడతాది?" చెయ్యి మోకాలి ఎత్తున పెట్టి చూపించాడు. "పంది ఇంతే కదా ఉంటాది?"

ఈయన బండిలో లేకపోయుంటే నేను అరవైలో పోయేవాణ్ణి.

ఫ్యాక్టరీ ముందు నలభై బండ్లు వరసలో ఉన్నాయి. డ్రైవర్లు టీ తాగుతున్నారు. ఆదిమూలం అన్న నేరుగా గేటు దగ్గరికి పోయి, కాయలు దించుతున్న వంశీ ముందు నిలబడ్డాడు.

"ఒరే వంశీ, నువ్వు నిద్రబోలేదురా" అని అరిచాడు. "అందురూ ఇనండప్పా. వీడు నిద్రబోలేదు. నేను పెట్టిన లైటు సెట్ల మీదుండింది. తప్పు నాది."

వంశీ బుట్ట కింద పెట్టాడు. మామ ముఖంలోకి చూశాడు.

"అందురూ అంటా ఉంటే, నిజంగానే నిద్రబోయినానేమో అని నేను గూడా అనుకుంటా ఉండాను మామా" అన్నాడు.

కళ్ళు నిండినా ఆదిమూలం అన్న తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, నా బండి లైటు కిందికి దించాడు. "కాయలు దించినాంక మళ్ళా నా కాడికి రా, పైకెత్తాల" అని చెప్పి పక్క బండి దగ్గరికి పోయాడు.

అంతలో వరస కదిలింది. వెనకవాళ్ళు హారన్ కొడుతున్నారు. నేను తాళం మా వెంటే వచ్చిన వంశీకి అందించాను. వాడు చేతులు చొక్కాకు తుడుచుకుని, కాలు ఈడ్చుకుంటూ ఎక్కి కూర్చున్నాడు. బండి కదిలింది. నాలుగు బండ్ల దూరం పోయి ఆగింది. అంతసేపూ నేను పక్కనే నడిచాను.