మునిరామయ్య జల్లెడ

పులికాట్ సరస్సు ఒడ్డున మునిరామయ్య అంత తెలివైన రైతు మరొకడు లేడు. ఈ మాట చెప్పింది ఆయనే కాబట్టి నమ్మక తప్పదు. పలమనేరు నుంచి ఇల్లరికం వచ్చిన రోజే మామగారి ఇసక నేలను కాలితో తన్ని, "ఇదొక నేలా? మా ఎర్రమట్టిని సూస్తే సిగ్గుతో సముద్రంలో దూకుతాది" అన్నాడు. ఆ మాటకు సరస్సులో కొంగలన్నీ పడీ పడీ నవ్వి, రెండు రోజులు ఒంటికాలి మీద నిలబడలేకపోయాయి. కావాలంటే కొంగలనే అడగండి.

ఊరంతటికీ మంచినీళ్ల బావి ఆ ఇసకలోనే ఉంది. ఇంకెక్కడ తవ్వినా ఉప్పే. ఆయన భార్య నాగులమ్మకు అది తండ్రి తవ్వించిన బావి. దోమపిల్లలను తింటాయని అందులో జిలేబి చేపలు వదిలి, రోజూ వాటిని పలకరించేది.

బావి పక్కనే వంగతోట. పురుగు పడితే మునిరామయ్య మొక్క మొదట్లో గుళికల మందు వేసేవాడు. సంచి మీద చిటికెడని ఉంటే, ఈయనది పలమనేరు లెక్క, పిడికెడు. వేసిన వెంటనే కాలవలు పొర్లేదాకా మోటరు.

"మందు దిగి బావిలో కలుస్తాదేమో సూడప్పా," అన్నాను ఒకసారి, పక్కింటి చనువుతో.

"కాన్వెంటులో సదివినోళ్లకు మట్టి సంగతి యాడ తెలుస్తాదబ్బా! నేలంటే జల్లెడ. మందు పైనే నిలబడతాది, నీళ్లే దిగుతాయి. మా ఊళ్లో ఇరవై ఏండ్లు వేసినాను, ఒక్క బావి అయినా సెడిందా?"

"మీ ఎర్రమట్టిలో బంక ఉంది, మందును పట్టుకోని కూర్చుంటాది. ఇసక దేన్నీ పట్టుకోదు. కాన్వెంటులో మా సిస్టరమ్మ ఉప్పునీళ్లు గుడ్డలో వడకట్టించినాది. ఉప్పు గుడ్డలో ఆగిందా?"

"మీ సిస్టరమ్మ ఎన్ని గంపల వంకాయలు పండించినాది?"

కూలీలు పగలబడి నవ్వారు. నేను ఇంటిదారి పట్టాను.

ఆ తర్వాత పదో రోజు పొద్దున నాగులమ్మ బకెట్టు లాగితే రెండు చేపలు వెల్లకిలా పైకొచ్చాయి. తొంగిచూస్తే తక్కినవన్నీ తేలుతున్నాయి. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఎవరి దిష్టో తగిలినాది," అన్నాడు మునిరామయ్య. "నీళ్లకేం, అద్దం మాదిరి ఉండాయి."

నాగులమ్మ చెంబు ముంచి ఆయన చేతికిచ్చింది. "తాగు."

"ఇప్పుడే కాఫీ తాగినాను."

"ఒక్క గుక్క. నీ జల్లెడ పట్టిన నీళ్లే గదా!"

ఆయన చెంబు వైపు చూశాడు, బిందెల వైపు చూశాడు. మెల్లగా వంగి నీళ్లు నేల మీద పారబోశాడు. ఇసక చప్పుడు లేకుండా తాగేసింది.

"మీ నాయనిచ్చిన ఇసకే మంచిది కాదు," అన్నాడు.

"ఇసక నీ మాదిరి గొప్పలు సెప్పలేదయ్యా. నువ్విచ్చిన మందు రవ్వంత కూడా దాసుకోకుండా తెచ్చి బావిలో పోసినాది."

ఇప్పుడాయన రోజూ సూళ్లూరుపేట వెళ్లి, మోపెడ్డు మీద ఊరందరికీ నీళ్ల క్యాన్లు మోస్తున్నాడు. నాగులమ్మ ఆజ్ఞ. మొన్న దారిలో నన్ను చూసి ఆగి, చెమట తుడుచుకుంటూ అడిగాడు.

"ఈ క్యాన్ల నీళ్లు ఎట్ట వడకడతారబ్బా?"

"పలమనేరు ఎర్రమట్టిలో పోసి," అన్నాను.