ఒకే రోజు రెండు పండుగలు, ఒక పంపు

1974 సెప్టెంబరులో నన్ను గోదావరిఖని ప్రాంతంలోని ఒక ఇంక్లైన్‌కు అండర్ మేనేజర్‌గా వేశారు. ఇంక్లైన్ అంటే ఏటవాలుగా నడిచి దిగే గని. అండర్ మేనేజర్ అంటే గని మేనేజర్ కింద ఒక సెక్షన్‌కు పూర్తి బాధ్యుడు. నాకిచ్చింది డిప్ సెక్షన్, అంటే గనిలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న భాగం. పైనున్న నీళ్లన్నీ ఊరి ఊరి అక్కడికే చేరేవి. వాటిని ఒక పెద్ద పంపు రాత్రింబగళ్లు పైకి తోడేది. అది గంటసేపు ఆగితే నీళ్లు మోటారును ముంచుతాయి. మోటారు మునిగితే సెక్షన్ మునుగుతుంది. రెండు వందల మందికి నెలల తరబడి పని ఉండదు.

మాది మంథని. ఇంట్లో అందరూ బడిపంతుళ్లో గుమాస్తాలో. యాటను, అంటే మేకనో గొర్రెనో, కోయడం నేను మొదటిసారి దగ్గరగా చూసింది ఆ గనిలోనే, చేరిన నెలకు వచ్చిన దసరానాడు. గని మూతి దగ్గర, గనిని కాచే దేవత మైసమ్మకు ఓవర్‌మన్ మల్లయ్య ఒక యాటను కోశాడు. ఓవర్‌మన్ అంటే షిఫ్టులో పనంతా చూసే పెద్ద. ఇంకో యాటను దీపాల గది వెనక, మైసమ్మకు దూరంగా, పంపు ఆపరేటర్ ఖాజామియా హలాల్ చేశాడు. రెండు యాటలు, రెండు వంటలు. మైసమ్మకు కోసింది తినని ముస్లింలు, క్రైస్తవులు రెండో వంట తిన్నారు. మధ్యాహ్నం అందరూ నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. నేను మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిని, ఇదంతా ఏ రూల్ బుక్కులో ఉందా అని ఆలోచించాను. అప్పట్లో నాకు రూల్ బుక్కే లోకం.

పండుగ డ్యూటీల సంగతీ అంతే, కాగితం మీద ఏమీ లేదు. దసరాకు ముస్లింలు, క్రైస్తవులు పంపు చూసుకునేవారు. బక్రీద్‌కు హిందువులు, క్రైస్తవులు. క్రిస్మస్‌కు హిందువులు, ముస్లింలు. ఎవరు ఎవరికి బదులు వస్తారో వాళ్లలో వాళ్లే నోటిమాటగా తేల్చుకునేవారు. డిసెంబరులో నెలవంక కనబడ్డాక తెలిసింది, ఆ ఏడు బక్రీద్, క్రిస్మస్ ఒకే రోజు వచ్చాయని. సగం మంది రారు కనుక ఆ రోజు బొగ్గు తీయడం ఆపి నీళ్లు, గాలి, కాపలా మాత్రం నడపాలని మేనేజర్ నిర్ణయించారు. డిప్ మునిగితే సమాధానం నేనే చెప్పుకోవాలని కూడా చెప్పారు.

ఇంకేముంది, నేను విజృంభించాను. పేర్లూ హాజరూ రాసే మస్టర్ ముందేసుకుని ఆరుగురు పంపు ఆపరేటర్ల పేర్లు చూసి, ఎవరినీ ఒక్క మాట అడగకుండా, చక్కగా టైపు చేయించిన లిస్టు నోటీసు బోర్డుకు అంటించాను. ఖాజామియాకు, హుస్సేన్‌కు బక్రీద్ సెలవు. శామ్యూల్‌కు క్రిస్మస్ సెలవు. మొదటి షిఫ్టు, ఉదయం ఏడు నుంచి మూడు వరకు, రాజయ్య. మిగిలిన రెండు షిఫ్టులకు మిగిలిన ఇద్దరు. చూసుకుని మురిసిపోయాను.

ఇరవై నాలుగు సాయంత్రం మల్లయ్య నా గదికి వచ్చాడు. వెనక ఖాజామియా, అతని వెనక తలవంచుకుని రాజయ్య.

“గీ లిస్టు ఎవరు రాసిండ్రు సార్?” అన్నాడు మల్లయ్య.

నేనే అన్నాను, కాస్త గర్వంగానే.

“రాజయ్యది ఏసు మతం సార్. వాళ్ల నాయిన కాలం నుంచి చర్చికి పోతరు. రేపు పదింటికి వీని బిడ్డకు బాప్టిజం ఉన్నది. మంచిర్యాల నుంచి పాస్టరు వస్తుండు, మళ్ల ఎప్పుడొస్తడో ఎరుక లేదు.”

అయితే హుస్సేన్‌ను పిలిపించండి, సెలవు మారుద్దాం అన్నాను. ముస్లింను పండుగపూట పిలవాల్సి వస్తున్నందుకు నొచ్చుకుంటూనే అన్నాను.

“హుస్సేన్ మనోడే సార్, హిందువే. పిల్లలు నిలుస్తలేరని వాళ్లవ్వ పీర్లకు మొక్కింది. గందుకే గా పేరు. సెలవు దొరికిందని సంబురంగ జైపూర్ దిక్కు అత్తగారింటికి పోయిండు.”

నా తిక్క కుదిరింది. పుట్టినప్పటినుంచి ఈ గాలి పీలుస్తూ, పీర్ల పండుగకు ఊరంతా కదలడం చూస్తూ పెరిగి, నేను చేసిన పని అది. మిగతా ఇద్దరిలో ఒకరిని ముందుకు జరుపుదామంటే వరుసగా రెండు షిఫ్టులు చేయించినట్టవుతుంది, చట్టం ఒప్పదు. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని రాజయ్య మీద విరుచుకుపడ్డాను. అతను మెల్లగా, టైపు చేసిన కాగితం సార్, మారదనుకున్న అన్నాడు. ఆ మాటకు నిజంగా సిగ్గుపడ్డాను.

దారి ఖాజామియానే చూపించాడు. “ఫికర్ చెయ్యకుండ్రి సార్. రాజయ్య ఏడింటికి దిగుతడు. మా నమాజ్ ఎనిమిదింటికి. తొమ్మిదింటికల్ల నేను పంపు కాడ ఉంట. వాడు జల్ది ఎక్కి చర్చికి పోతడు.”

మరి నువ్వు యాటను కోసి ఖుర్బానీ ఇచ్చేదెప్పుడు అని అడిగాను.

“నమాజ్ అయినంక మూడు దినాల్ల ఎప్పుడన్న చెయ్యొచ్చు సార్. బాప్టిజం అట్ల ఆగదు గద.”

మర్నాడు నేనూ గనిలోకి దిగాను. పంపు దగ్గర ఒక నియమం ఉంటుంది. బదులు మనిషి వచ్చి, అక్కడే నిలబడి, లాగ్ బుక్కులో సంతకం పెట్టేదాకా డ్యూటీలో ఉన్నవాడు కదలకూడదు. తొమ్మిదైంది. ఖాజామియా జాడ లేదు. రాజయ్య పంపు మీద నీటి ఒత్తిడి చూపే గేజీనే చూస్తూ కూర్చున్నాడు. పైకి ఎక్కడానికే ముప్పావు గంట నడక. తొమ్మిదీ పదికి నేనే సంతకం పెట్టి అతన్ని పొమ్మన్నాను. చట్టప్రకారం నేను పంపు నడపవచ్చు. చేత్తో నడిపి మాత్రం ఏళ్లయింది.

ఇరవై నిమిషాలకు పంపు చప్పుడు మారింది. గేజీ ముల్లు పడిపోయింది. పైపులోకి గాలి చేరితే పంపు నీళ్లు పట్టదు. ఆపి, పైనుంచి నీళ్లు పోసి గాలిని వెళ్లగొట్టి మళ్లీ నడపాలి. దాన్ని ప్రైమింగ్ అంటారు. ఒకసారి చేశాను, పట్టలేదు. రెండోసారీ పట్టలేదు. నీళ్లు మోటారు దిమ్మె మీద ఒక్కో ఇటుకే ఎక్కుతున్నాయి. పైకి ఫోన్ చేస్తే, మనిషి బయలుదేరిండు సార్ అన్నాడు మల్లయ్య. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నా మూలంగా రెండు వందల ఇళ్లలో పొయ్యి వెలగదన్న భయం నిజంగా పట్టుకుంది. మూడోసారి బకెట్ ఎత్తాను.

అప్పుడు దీపం కనబడింది. ఖాజామియా పరుగున వస్తున్నాడు. తలకు హెల్మెట్, నడుముకు బ్యాటరీ, ఒంటిమీద తెల్లటి కొత్త కుర్తా. డ్యూటీ బట్టలు మార్చుకునే వ్యవధి కూడా తీసుకోలేదు.

“ఎన్నిసార్లు పోసినా ఫాయిద లేదు సార్. కింద జాలి పూడింది.”

నేను ఆ సంగతే ఆలోచించలేదు. పైపు చివర నీళ్లలో చెత్తను ఆపే జాలి ఉంటుంది. అతను ఆ కుర్తాతోనే ఛాతీలోతు నీళ్లలోకి దిగి, ముక్కు మూసుకుని మునిగాడు. తేలి, మళ్లీ మునిగాడు. మూడోసారి ఒక గోనె పీలికను, గుప్పెడు బొగ్గు చూరను పైకి తెచ్చి విసిరేశాడు. నీళ్లు పొయ్యుండ్రి అన్నాడు. పోశాను. స్విచ్ వేశాడు. వాల్వ్ మెల్లగ, మెల్లగ, అంటూ నా చేత తిప్పించాడు. ముల్లు కదిలింది, వణికింది, ఎక్కడ ఉండాలో అక్కడికి ఎక్కి నిలిచింది. మోటారుకు నీళ్లు రెండు ఇటుకల దూరంలో ఆగి, దిగడం మొదలుపెట్టాయి. నేను చిన్నపిల్లవాడిలా అరిచాను. ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

ఎందుకు ఆలస్యమైందో అప్పుడు చెప్పాడు. నమాజ్ అయ్యాక ఈద్గాలో అందరూ ఒకరినొకరు హత్తుకుని గలే కలుస్తారు, అతనేమో పెద్దవాడు. “ఒక్కొక్కరు మూడుసార్లు సార్. వద్దంటే తప్పు పడ్తరు. తప్పించుకునేసరికి గింత టైమైంది.”

ఫోన్ మోగింది. రాజయ్య సగం స్నానంతో చర్చికి ఉరికాడని, పాస్టరు బిడ్డను ఎత్తుకునే వేళకు అందుకున్నాడని మల్లయ్య చెప్పాడు. ఆ మాట వినగానే ఖాజామియా వైపు తిరిగి, ఈద్ ముబారక్ అన్నాను. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ అనని మాట. అతను నవ్వి, కారుతున్న కుర్తాతోనే నన్ను మూడుసార్లు ఆలింగనం చేసుకున్నాడు. నా తెల్ల చొక్కా పని అయిపోయింది.

పన్నెండింటికి హుస్సేన్ దిగాడు. మల్లయ్య కబురంపితే అత్తగారింట అన్నం వదిలేసి సైకిల్ మీద వచ్చాడట. బక్రీద్ సెలవు నువ్వెందుకు తీసుకున్నావయ్యా అంటే, “మీరు ఇచ్చిండ్రు సార్, వద్దంటే బాగుండదని” అన్నాడు. ముగ్గురం పడీపడీ నవ్వాం. ఖాజామియా పంపును అతనికి అప్పగించి పైకి వెళ్లి, ఆ మధ్యాహ్నమే తన ఖుర్బానీ చేసుకున్నాడు. ఎల్లుండి దాకా ఆగనక్కర లేకపోయింది. సాయంత్రం నా క్వార్టర్‌కు నేను మాంసం తిననని ఖాజామియా ఇంటినుంచి అరటిపండ్లు, రాజయ్య ఇంటినుంచి కేకు వచ్చాయి.

మరుసటి వారం మేనేజర్ అనుమతితో పండుగ డ్యూటీలకు ఒక రిజిస్టర్ తెరిచాను. అందులో మతానికి గడి లేదు. పండుగనాడు నువ్వు ఇంట్లో తప్పనిసరిగా ఉండాల్సిన గంటలేవి అన్నదొక్కటే ప్రశ్న. నమాజ్‌కు గంట, చర్చికి రెండు గంటలు, మైసమ్మ దగ్గర యాటకు తెల్లవారుజామున అరగంట, ఎవరి గడి వారే నింపేవారు. కలిపి చూస్తే ఇరవై నాలుగు గంటల్లో ఖాళీ పడే గంట ఎప్పుడూ రాలేదు. నేను బదిలీ అయి వెళ్లిన ప్రతి గనిలోనూ అదే రిజిస్టర్ పెట్టాను. రిటైరయ్యేదాకా నా చేతికింద ఏ పండుగనాడూ పంపు ఆగలేదు. మస్టర్‌లో పేరు జీతం ఇవ్వడానికి పనికొస్తుంది. డ్యూటీ వేయడానికి మనిషిని అడగాలి.