కరక టెంకలకు ఆమ్లం

కరోనా తగ్గిన మరుసటి ఏడు, చలికాలం చివర్లో, నన్ను టేకులపల్లి నుంచి పర్ణశాల వెళ్ళే దారిలోని ఒక అటవీ నర్సరీకి మేస్త్రిగా పంపారు. మేస్త్రి అంటే పెద్ద హోదా కాదు. పైన బీట్ ఆఫీసర్, ఆయన పైన సెక్షన్ ఆఫీసర్, ఆ పైన రేంజ్ ఆఫీసర్ ఉంటారు. మేస్త్రి వీళ్ళందరికీ కింద, కూలీలకు పైన. కాని ఏ గింజ ఏ మడిలో ఎప్పుడు పడాలో చెప్పేది మేస్త్రే. మొలవకపోతే ఎందుకు మొలవలేదో జవాబు చెప్పుకోవలసిందీ మేస్త్రే.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. మా ఆయన బొగ్గుగనిలో పనిచేసేవాడు. మా కాలనీ చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరమ్మ ఆడవాళ్ళను కూర్చోబెట్టి చదువు చెప్పేది. తెలుగు అక్కడే వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలను విత్తన సంచుల మీది చీటీలు చూసి పట్టుకున్నాను. మేస్త్రి పనికి ఆ మాత్రం సరిపోయేది.

ఆ ఏడు మాకు అప్పగించిన పనిలో ముఖ్యమైనది కరక. కరక్కాయ కండ ఒలిస్తే లోపల రాయిలాంటి టెంక ఉంటుంది. మడిలో వేస్తే ఒక్కోసారి వానాకాలం గడిచిపోయినా మొలక రాదు. గింజ తెచ్చింది గుట్ట మీది గూడెంలో ఉండే లచ్చమ్మ. కోయ రైతు, భర్త లేడు, అడవి కొట్టి చేసుకున్న పోడు భూమికి మరుదులతో ఉమ్మడి పట్టా ఉంది. చేను గట్ల మీద కరక పెంచాలని ఆమె పట్టు. జామాయిల్ పెడితే తొందరగా కోతకొస్తుందని మరుదుల పట్టు. వానలు పడేలోపు నర్సరీలో కరక మొలకలు కనిపిస్తే గట్లు నీవి, లేకపోతే మావి అని వాళ్ళు తేల్చి చెప్పారు. గూడెం చుట్టూ మిగిలిన కరక చెట్లన్నీ ముసలివి, ఆ ఏడు కాపు తక్కువ. పండి రాలిన కాయను షావుకారుకు అమ్మకుండా ఏరి, గోనె సంచుల్లో మోసుకొచ్చింది.

"అక్కా, ఇవి గిన మొలవకపోతే మా మరుదులు నన్ను ఆ గట్టు మీదనే పాతిపెడ్తరు" అంది సంచి దించుతూ.

మా కూలీల్లో పెద్దది సరోజన ఊరుకుంటుందా? "పాతిపెట్టనియ్. నువ్వన్న మొలుస్తవేమో సూద్దాం" అంది.

సెక్షన్ ఆఫీసర్ శ్రావణి మేడం అప్పుడే కొత్తగా వచ్చింది. అటవీ శాస్త్రం చదివిన పిల్ల. ఒకరోజు తనిఖీకి వస్తూ మూడు నెలలకొకసారి వచ్చే పరిశోధన పత్రిక తెచ్చింది. అందులో కరక మీద వ్యాసం ఉంది. టెంకలను గాఢమైన గంధకామ్లంలో కాసేపు ముంచి, బాగా కడిగి వేస్తే పెంకు మెత్తబడి తొందరగా మొలుస్తాయని దాని సారాంశం. ఆమ్లానికి ఇండెంటు, అంటే సరుకు కావాలని పైకి పంపే కాగితం, అప్పటికే రాసిపెట్టుకుంది. నేను ఆ పత్రిక ఒకసారి ఇమ్మన్నాను.

"చదువుతరా మరియమ్మగారూ?"

"చదువుత మేడం. జల్దీ మాత్రం కాదు."

"తీస్కపోండి. తడి తగలనీయకండి" అని చేతిలో పెట్టింది.

పరిశోధన పత్రికను మామూలు పత్రికలా చదవకూడదు. మొదట సారాంశం ఉంటుంది. తర్వాత ఎందుకు చేశారో, ఎలా చేశారో, ఏం వచ్చిందో, దాని అర్థమేమిటో వరుసగా ఉంటాయి. చివర్లో పాత వ్యాసాల జాబితా. ఈ వరుస నాకు అప్పుడు తెలియదు. ఫోను కెమెరా పేజీ మీద పెడితే ఇంగ్లిష్ తెలుగులోకి మారుతుంది కదా, అన్నం తినే వేళల్లో షేడ్ నెట్ కింద కూర్చుని అట్లా చదివాను. ఆ తెలుగు గతుకుల రోడ్డు లాంటిది. పెంకును ఫోను 'విత్తనం కోటు' అంది. నేను పైకి చదివితే సరోజన నోట్లో ముద్ద ఆపి, "కోటేందే? గింజకు చలి పెడ్తదా? టై గూడ కట్టిండ్రా?" అంది. ఆ రోజంతా కూలీలు టెంకలను 'దొరలు' అని పిలిచారు.

మాటలు తెలియనిచోట బొమ్మ చూశాను. ఫోటోలో టెంకలు ఎండి, నల్లబడి ఉన్నాయి. మా సంచుల్లోవి పచ్చటి కండ అప్పుడే ఒలిచినవి, ఇంకా తేమ ఆరనివి. అనుమానం వచ్చి, ఎలా చేశారో చెప్పే భాగాన్ని మళ్ళీ మళ్ళీ ఫోనుకు చూపించాను. ఏడాది నిల్వ ఉంచిన టెంకలు అని ఉంది. పక్కనే బ్రాకెట్లో ఒక చిన్న అంకె. అది మాత్రం నాకు కొత్త కాదు. చర్చిలో వాక్యం చదివేటప్పుడు వచనం పక్కన చిన్న గుర్తు ఉంటే, అది ఇంకెక్కడో ఉన్న వచనాన్ని చూడమని చెప్పడం. పాస్టరమ్మ చూడనిదే ముందుకు పోనిచ్చేది కాదు. అలవాటుగా అంకె పట్టుకుని చివరి జాబితాకు వెళ్ళాను. అది అదే పత్రిక పాత సంచికలోని ఇంకో వ్యాసం. పేరులో 'ఫ్రెష్' అనే మాట ఉంది.

మరునాడు మేడంకు ఫోటో, అంకె రెండూ చూపించాను. ఆమె రెండుసార్లు చదివి, "ఇది నేను సారాంశంతోటే ఆపేసిన" అంది. అక్కడే నిలబడి తను చదివిన కాలేజీ లైబ్రరీకి ఫోను చేసింది. రెండు రోజులకు పాత వ్యాసం ఆమె ఫోనుకు వచ్చింది. మాకు తెలుగులో చెప్పింది. తాజా టెంకకు సన్నటి పగుళ్ళుంటాయట. ఆమ్లం వాటిలోంచి లోపలి పప్పుకు తగలొచ్చట. తాజా వాటికి మొద్దు కొనను కొద్దిగా కత్తిరించి నీళ్ళలో నానబెట్టడం మేలని రాశారు.

రెండు వ్యాసాలూ ఒకే పత్రికవి. ఏది నమ్మాలి? ఉన్న సంచులు ఇవే, తప్పు జరిగితే తిరిగి తేవడానికి కాయ లేదు. ఎక్కువ భాగం కత్తిరించి నానబెడదామని నేను గట్టిగా చెప్పాను. మేడం ఒప్పుకుంది. కాని పక్కనే రెండు చిన్న మళ్ళు వేయాలంది. ఒకదానికి ఆమ్లం, ఒకదానికి ఏమీ చేయని టెంక. ఏమీ చేయనిదాన్ని పరిశోధనలో కంట్రోల్ అంటారు. అది లేకపోతే మొలిచింది మన పనితనం వల్లనో, గింజ సత్తువ వల్లనో తెలియదు.

సరోజనకు అది నచ్చలేదు. "ఏం చేయకుంట వేసుడేంది మేడం? పై సారు వస్తే మమ్మల్ని పనిదొంగలంటడు." ఆ మడికి ఊరక మడి అని పేరు పెట్టింది కూడా ఆమే.

అంట్లు కట్టే కత్తెరలతో టెంకలు కత్తిరించాం. లోతుగా పోతే పప్పు తెగుతుంది, పైపైన అయితే నీరు దిగదు. లచ్చమ్మ గూడెం నుంచి నడిచొచ్చి మాతో కూర్చునేది. ఆమ్లం పని మేడం తానే చేసింది, రబ్బరు తొడుగులు వేసుకుని, మమ్మల్ని దూరంగా నిలబెట్టి.

ఎండలు ముదిరినా మూడు మళ్ళూ మట్టిగానే ఉన్నాయి. ఒకసారి లచ్చమ్మ పెద్ద మరిది వచ్చి చూసి, "మంచిగున్నది వదినా, ఊరక మడి ఒక్కటే కాదు, మూడూ ఊరకనే ఉన్నయ్" అని నవ్వి పోయాడు. లచ్చమ్మ డబ్బా తీసుకుని మూడు మళ్ళకూ నీళ్ళు పోసింది.

మొదటి చినుకులకు ముందే పెద్ద మడిలో మట్టి పగిలింది. నేను బీట్ ఆఫీసర్‌ను పిలుచుకొచ్చేలోపే లచ్చమ్మ మోకాళ్ళ మీద ఉంది. "అవ్, ఇది కరకే. గీ ఆకు నాకు తెల్వదా?" అంది. ఆ రోజే గూడేనికి పోయి మరుదులను వెంటబెట్టుకొచ్చింది. ఊరక మడిలో అక్కడొకటి ఇక్కడొకటి లేచాయి. ఆమ్లం మడిలో ఏమీ రాలేదు. తవ్వి కొన్ని టెంకలు పగలగొట్టి చూస్తే పప్పు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి ఉంది.

అన్నీ బతకలేదు. మట్టి నింపిన కవర్లలోకి మార్చాక చెదలు కొన్నిటిని తిన్నాయి. మరుసటి వానలకు మిగిలిన మొక్కలు గట్టెక్కాయి. మొక్కలు చాలనందుకు కింది గట్టు జామాయిల్‌కే పోయింది. మాట ప్రకారం మిగతావి లచ్చమ్మవి.

ఇంకొకటి చెప్పాలి. మొదటి ఏడు లచ్చమ్మ తెచ్చినవాటిలోనే కొన్ని టెంకలు పక్కకు తీసి, ఎండబెట్టి స్టోరులో ఉంచాం. ఏడాది తర్వాత వాటికి అదే ఆమ్లం, అదే పద్ధతిలో పెట్టి, పక్కన మళ్ళీ ఊరక మడి వేశాం. ఈసారి ఆమ్లం మడే ముందు లేచింది. వ్యాసం చెప్పింది నిజమే. అది చెప్పిన గింజ మొదటి ఏడు మా దగ్గర లేదు, అంతే.

ఆ తర్వాత పత్రిక వస్తే మేడం మొదట నాకే పంపేది. నేను ఫలితం దగ్గర మొదలుపెట్టేదాన్ని కాదు. వాళ్ళు ఏ గింజతో చేశారో ముందు చూసి, అది మన సంచిలో ఉన్నదేనా అని తేల్చుకునేదాన్ని. తేలనప్పుడు ఊరక మడి వేసేదాన్ని. రిటైరయ్యే దాకా మా నర్సరీలో ఏదో ఒక మూల ఒక ఊరక మడి ఉండేది.