సరుగుడు ఆకు

మా పేట మొగల్తూరు దాటాక, సముద్రానికి ఇవతల. మాకూ సముద్రానికీ మధ్య సరుగుడు తోట. ఆ తోటలో రాలిన ఆకే మా పొయ్యిల్లోకి. పొద్దున్నే ఆడవాళ్ళం చీపుళ్ళు పట్టుకెళ్ళి ఊడ్చి, గోనెసంచుల్లో కుక్కి తెచ్చుకునేవాళ్ళం. మా అత్తల కాలం నుంచీ తోటలో నేల మా వాకిళ్ళలాగే శుభ్రంగా ఉండేది.

యాభై దాటాక, అంగన్‌వాడీ గదిలో సాయంత్రాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఆ ఏడే తోట కౌలుకి తీసుకున్న కొత్తాయన చెట్టుకి రేకు బోర్డు కొట్టించాడు. నెల రోజులు దాన్ని ఎవరం పట్టించుకోలేదు. ఒకరోజు నేను ఆగి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకి చదివాను. తోటలో ఆకు ఊడ్వరాదు, ఊడ్చినవారిపై కేసు పెట్టబడును. అందరూ చీపుళ్ళు దించేశారు.

"చదువు నేర్చి మన పొయ్యికే ఎసరు పెట్టావు కదే," అంది మా ఆడపడుచు. ఆవిడ నాకంటే పెద్దది, వదినా అని పిలుస్తాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు గర్వంగానే ఉంది.

కేసంటే భయం. మర్నాటి నుంచి ఎవరూ వెళ్ళలేదు. రెండు వేసవులు తిరిగేసరికి నడిస్తే కాలు దిగబడేంత ఆకు పేరుకుంది. వదిన తాటాకిల్లు తోట అంచునే. ఇంటి వెనక కాస్త మేరైనా ఊడ్చుకుందామా అని ఒకసారి అడిగింది. బోర్డులో అలాంటి మినహాయింపు లేదన్నాను.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం తోట అంటుకుంది. ఎలాగో తెలియదు. సముద్రపు గాలికి మంట ఆ ఆకు మీదుగా నేలబారున పాకుతూ మా వైపే వచ్చింది. పచ్చి కొబ్బరిమట్టలతో కొట్టాం, తడి గోనెలు వేశాం. ఫైరింజన్ ఇసుకలో దిగబడి దూరంగా ఆగిపోయింది. ముందు వదిన ఇల్లే పోయింది. వలలు, ఎండుచేపల గంపలు, అన్నీ. మనుషులం మాత్రం దక్కాం. సాయంత్రానికి పేటలో ఏడిళ్ళు లేవు.

మర్నాడు వదిన తన ఇంటి బూడిద దగ్గర కూర్చుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. అడిగింది.

"ఆ బోర్డు మీద ఊడ్వద్దనే ఉందా? నువ్వేమన్నా తప్పు చదివావేమో."

"లేదు వదినా. అలాగే ఉంది."

ఆవిడ తలూపింది. తప్పు చదివానని నేను అనాల్సింది. తిట్టుకోవడానికైనా ఆవిడకి ఒక మనిషి ఉండేది.